ఫీజు కట్టేముందు ల్యాబ్ చూసి రామ్మా

ప్రశ్న: మేడమ్ గారికి నమస్తే. మాది ఉప్పల్. నాకు 19 ఏళ్లు. ఇంటర్ బైపీసీ అయ్యాక నీట్ రెండుసార్లు రాశాను, సీటు రాలేదు. మూడోసారి రాయించే స్తోమత ఇంట్లో లేదు, నాకూ ఓపిక లేదు. మా తమ్ముడికి ఫిట్స్ వస్తాయి. వాడికి ఈఈజీ అనే మెదడు పరీక్ష తీయించడానికి వెళ్లినప్పుడు అక్కడి అక్క తలమీద టేపు పెట్టి కొలిచి, వైర్లు అంటించి, వాడితో కబుర్లు చెబుతూనే పని చేసుకుపోయింది. అప్పటినుంచి ఆ పని నేర్చుకోవాలని ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ‘న్యూరో టెక్నీషియన్’ అని ఏడాది కోర్సు ఉందన్నారు. ఫీజు లక్షా ఇరవై వేలు, ఉద్యోగం గ్యారంటీ అట. ఈ నెలాఖరులోపు కడితే ఇరవై వేలు తగ్గిస్తారట. మా నాన్న ఆటో నడుపుతారు. ‘ఎంఎల్‌టీ (రక్త పరీక్షల ల్యాబ్ కోర్సు) అయితే గల్లీకో ల్యాబ్ ఉంది, ఇదేందో ఎవరికీ తెల్వదు, రేపు కంప్యూటరే అన్నీ చూసుకుంటే నీకేం పని’ అంటారు. అమ్మకు నైట్ డ్యూటీల భయం. నాకేమో లెక్కలంటే భయం. ఏం చేయమంటారు? (పేరు వేయొద్దు మేడమ్)

జవాబు: అమ్మా, ముందు డబ్బు సంగతి. ఆ ఇన్‌స్టిట్యూట్‌కు ఇప్పుడు ఒక్క రూపాయి కట్టకు. అడ్వాన్సు అన్నా, సీటు బ్లాక్ చేస్తామన్నా కట్టకు. నువ్వు నలుగురిని అడిగి తెలుసుకునేలోపే సంతకం చేయించుకోవాలని పెట్టిన గడువు అది. నిజంగా నేర్పగలిగినవాళ్లకు నెలాఖరుతో పనేముంది?

ఏడాది కోర్సు ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. 2021లో పార్లమెంటు నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ అనే చట్టం చేసింది. డాక్టర్లకు, నర్సులకు ఎప్పటినుంచో చట్టాలున్నాయి గానీ మాలాంటి టెక్నాలజిస్టులను పట్టించుకున్న చట్టం దేశం మొత్తానికి అదే మొదటిది. దాని షెడ్యూల్‌లో, అంటే చివర జతచేసిన జాబితాలో, ఈఈజీ, ఈఎంజీ (కండరాల పరీక్ష), ఎలక్ట్రో న్యూరో డయాగ్నస్టిక్, న్యూరో ల్యాబ్, స్లీప్ ల్యాబ్ టెక్నాలజిస్టులను పేరుపెట్టి చేర్చారు. ‘ఎవరికీ తెల్వదు’ అన్న మీ నాన్నగారికి ఈ మాట చెప్పు. అదే చట్టం అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అంటే ఎవరో కూడా చెప్పింది. డిప్లొమా గానీ డిగ్రీ గానీ ఉండాలి, ఆ చదువు రెండు నుంచి నాలుగేళ్ల వ్యవధిలో 2,000 గంటలకు తగ్గకుండా సాగి ఉండాలి. ఏడాదిలో ముగిసే సర్టిఫికెట్ ఈ లెక్కలోకి రాదు. ఆఫీసు గోడకు ఎన్ని ఫ్రేములు తగిలించినా రాదు. రిజిస్ట్రేషన్ చూపించమని ఆసుపత్రి అడిగిన రోజున నీ దగ్గర మిగిలేది ఫీజు రసీదే.

ఇప్పుడు మన సిటీలో ఈఈజీ తీస్తున్న పాతవాళ్లలో చాలామంది ఏ కోర్సూ చదివి రాలేదు, నిజమే. ఈసీజీ తీస్తూనో, వార్డులో పనిచేస్తూనో ఒక న్యూరాలజిస్టు దగ్గర చేరి, ఏళ్లతరబడి చూసి నేర్చుకున్నవాళ్లు. వాళ్లలో కొందరి పనితనం చూస్తే డిగ్రీ చేసినవాళ్లు కూడా నోరెళ్లబెట్టాలి. ఆ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు నీకు వీళ్లనే ఉదాహరణగా చూపిస్తారు. కానీ ఆ దారి నీ వయసువాళ్లకు మూసుకుపోతోంది. పైగా వాళ్లు నేర్చుకున్నది పేషెంట్ల మీద, ఆసుపత్రిలో, జీతం తీసుకుంటూ. లక్ష కట్టి గదిలో కూర్చుని కాదు.

ఏ కోర్సు మంచిదో తేల్చుకోవాలంటే ముందు ఈ పనిలో కష్టమెక్కడుందో నీకు తెలియాలి. ఇది కొంచెం వివరంగా చెప్పాలి.

నువ్వు చూసిన ఆ అక్క టేపుతో కొలిచింది కదా. ముక్కు మొదట్లో, కనుబొమల మధ్య ఒక పల్లం ఉంటుంది, దాన్ని నేసియన్ అంటాం. తల వెనక, మెడకు పైన వేలితో తడిమితే ఎముక బొడిపెలా తగులుతుంది, అది ఇనియన్. ఈ రెండింటి మధ్య దూరం, ఈ చెవి ముందునుంచి నడినెత్తి మీదుగా ఆ చెవి ముందుకు దూరం, తల చుట్టుకొలత, వీటిని పది శాతం, ఇరవై శాతం చొప్పున విడగొట్టి పెన్సిల్‌తో గుర్తులు పెడతాం. టెన్ ట్వంటీ సిస్టమ్ అన్న పేరు అందుకే వచ్చింది. నేసియన్ నుంచి ఇనియన్‌కు 36 సెంటీమీటర్లు ఉందనుకో. పది శాతం అంటే 3.6 దగ్గర మొదటి గుర్తు. అక్కడినుంచి ఇరవై శాతం, అంటే 7.2 జరిగితే 10.8 దగ్గర రెండోది. ఇంకో 7.2 జరిగితే 18 దగ్గర నడినెత్తి. ఆ గుర్తుల మీద అంటించే వైరు కొసలనే ఎలక్ట్రోడ్లు అంటాం. ఎడమవైపు ఎలక్ట్రోడ్లకు బేసి అంకెలు, కుడివైపు వాటికి సరి అంకెలు. లెక్కల భయం అన్నావు, రోజూ చేతిలో ఉండే లెక్క ఇదే. చదువులో వోల్టేజీ, రెసిస్టెన్సు, ఫ్రీక్వెన్సీ, ఫిల్టర్లు వస్తాయి. వాటిని బట్టీపట్టకుండా అర్థం చేసుకోవాలి. ఇంటర్ ఫిజిక్స్ నెగ్గుకొచ్చినదానివి, అవీ నెగ్గుకొస్తావు.

ఇంత కచ్చితంగా కొలవడం దేనికంటే, మెదడు నుంచి నెత్తిమీది చర్మం దాకా వచ్చే సిగ్నల్ మైక్రోవోల్టుల్లో ఉంటుంది, అంటే వోల్టులో పదిలక్షల వంతుల్లో. ఎడమవైపు ఎలక్ట్రోడు జత దగ్గరదగ్గరగా, కుడివైపు జత దూరంగా పడితే ఎడమవైపు అలలు పొట్టిగా కనబడతాయి. రిపోర్టు రాసే డాక్టరు ముందు పేషెంటు తల ఉండదు, స్క్రీనే ఉంటుంది. రెండు వైపులా తేడా కనబడితే ఆ వైపు మెదడులో ఏదైనా ఉందేమోనని ఆయన అనుమానించాలి కదా. ఎంఆర్ఐ రాస్తాడు. ఇంటివాళ్లు ఆ డబ్బు సర్దుకోవాలి, రిపోర్టు వచ్చేదాకా నిద్రలేకుండా గడపాలి. టేపు వంకరగా పట్టినందుకు ఇదంతా.

కొలత అయ్యాక చర్మం. హైదరాబాద్ ఈఈజీ గదిలో మొదటి శత్రువు కొబ్బరినూనె. ముందురోజు షాంపూతో తలంటుకుని నూనె రాయకుండా రమ్మని చీటీ మీద రాసిచ్చినా, ‘ఆసుపత్రికి జిడ్డు లేకుండా తల విరబోసుకుని వస్తామా’ అని పెద్దావిడ ఎవరో చక్కగా నూనె పెట్టి జడేసి పంపుతారు. నూనె ఉంటే ఎలక్ట్రోడు పట్టదు, ఇంపీడెన్స్, అంటే సిగ్నల్‌కు చర్మం దగ్గర తగిలే అడ్డు, దిగదు. దాన్ని 5 కిలోఓమ్‌ల లోపుకు తేవాలని నేర్పుతారు. పాయ తీసి, జెల్‌తో గీరుకుపోకుండా రుద్ది, పేస్టు పెట్టి, ఒక్కోటీ అంటించాలి. పిల్లాడు ఏడుస్తుంటే, వాళ్ల నాయనమ్మ ‘మెల్లగమ్మా, మెల్లగ’ అంటుంటే, ఇరవై ఒక్క చోట్ల.

మాట కూడా పనిలో భాగమే. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగంమంది అడిగే మొదటి ప్రశ్న ‘కరెంటు పెడతారా’ అని. వైర్లు చూడగానే సినిమాల్లో చూపించే షాక్ గుర్తొస్తుంది, ఎర్రగడ్డ గుర్తొస్తుంది. మేము కరెంటు పెట్టం, మెదడులో ఉన్నదాన్ని రాసుకుంటాం అని చెప్పి నమ్మించాలి. పాతబస్తీ నుంచి వచ్చే అమ్మీజాన్‌కు ఇదే ఉర్దూలో చెప్పాలి, బుర్కా తీయాలంటే తెర వేసి, మగవాళ్లను బయటికి పంపి తీయమనాలి. బీహార్ నుంచి వచ్చిన కూలీతో హిందీలో మాట్లాడాలి. నీకు ఈ మూడు భాషలూ కాస్తో కూస్తో వస్తే, పుస్తకంలో దొరకని అర్హత నీకు ముందే ఉన్నట్టు.

ఇక రికార్డింగ్. మంచి రికార్డింగ్ కనీసం ఇరవై నిమిషాలు ఉండాలి. కళ్లు మూయమంటే తల వెనక భాగంలో సెకనుకు 8 నుంచి 13 అలలు వస్తాయి, తెరిస్తే తగ్గిపోతాయి. రెప్ప వేస్తే ముందువైపు పెద్ద అల లేస్తుంది. పళ్లు బిగిస్తే గీతలన్నీ నల్లగా అయిపోతాయి. మే నెలలో ఏసీ పనిచేయకపోతే చెమటకు గీతలు మెల్లగా పైకీ కిందికీ ఊగుతుంటాయి. పక్కన మందు ఎక్కించే ఇన్ఫ్యూజన్ పంపు ఉన్నా, ఎర్తింగ్ బాగోలేకపోయినా 50 హెర్ట్జ్ కరెంటు వచ్చి కూర్చుంటుంది. గుండె చప్పుడు కూడా మెదడు సిగ్నల్‌లా నటించగలదు, అందుకే ఈసీజీ వైరు ఒకటి పెడతాం. వీటిలో ఏది మెదడు, ఏది కాదు అన్నది గదిలో ఉన్న టెక్నాలజిస్టు అప్పటికప్పుడు గుర్తుపట్టి, వీలైతే సరిచేసి, కాకపోతే స్క్రీన్ మీద రాసిపెట్టాలి. ‘ఇక్కడ దగ్గాడు’, ‘ఇక్కడ చేయి వణికింది’ అన్న ఆ చిన్న మాటే డాక్టరును తప్పుదారి పట్టకుండా ఆపుతుంది. మూర్ఛ లేనివాళ్లు మూర్ఛ మందులు మింగుతూ ఏళ్లు గడపడానికి ఉన్న కారణాల్లో ఈఈజీని తప్పుగా చదవడం ఒకటి. విరిగిన పాలను ఎంత కాచినా పాలు కావు, చెడ్డ రికార్డింగ్‌ను ఎంత పెద్ద న్యూరాలజిస్టు చూసినా అంతే.

ఇంకో సంగతి చెబుతాను, ఈ పనిలో నాకు చాలా ఇష్టమైన భాగం. ఏడెనిమిదేళ్ల పిల్లను తీసుకొస్తారు. క్లాసులో పరధ్యానంగా ఉంటోంది, టీచరు చెప్పేది వినదు, మధ్యలో ఆగిపోతుంది, దెబ్బలు కూడా తింది. మామూలు రికార్డింగ్‌లో ఏమీ ఉండదు. మూడు నిమిషాలపాటు గట్టిగా, లోతుగా ఊపిరి తీసి వదలమంటాం. పిల్లలు ఊరికే చేయరు, చేతిలో కాగితం ముక్క పెట్టి ఊదమనాలి, బుగ్గలు నొప్పెడుతున్నాయంటే బుజ్జగించాలి. రెండో నిమిషంలో పిల్ల ఊదడం ఆపేస్తుంది, కళ్లు నిలబడిపోతాయి. స్క్రీన్ మీద సెకనుకు మూడు చొప్పున మొనదేలిన అలలు తల అంతటా వస్తాయి. ఆ క్షణంలో నువ్వు పిల్ల చెవి దగ్గర ‘ఎర్ర గాజు’ అని చెప్పాలి. పది పన్నెండు సెకన్ల తర్వాత ఏమీ జరగనట్టు మళ్లీ ఊదుతుంది. ‘నేనేం చెప్పాను?’ అని అడిగితే తెలియదు. ఆ పిల్లది పరధ్యానం కాదు, ఆబ్సెన్స్ మూర్ఛ. ఊదించడం సరిగ్గా చేయించని ల్యాబ్‌లో ఆ పిల్లకు నార్మల్ రిపోర్టు వస్తుంది, దెబ్బలు కొనసాగుతాయి. అయితే ఈ ఊదుడు అందరికీ చేయించకూడదు. ఈమధ్య పక్షవాతం వచ్చినవాళ్లకు, గుండె జబ్బు బలంగా ఉన్నవాళ్లకు, సికిల్ సెల్ అనే రక్తజబ్బు ఉన్నవాళ్లకు చేయించం. వచ్చినవాళ్లను ముందే అడిగి తెలుసుకునేదీ నువ్వే.

పరీక్ష మధ్యలో పెద్ద ఫిట్ కూడా రావచ్చు. అప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, టైము చూడాలి, డాక్టరును పిలవాలి, రికార్డింగ్ మాత్రం ఆపకూడదు. నీ తమ్ముడి విషయంలోనూ గుర్తుంచుకో: చేతిలో తాళాల గుత్తి పెట్టినంత మాత్రాన ఫిట్ ఆగదు, దానంతటదే ఆగుతుంది. నోట్లో చెంచా పెట్టకండి, చేతులు కాళ్లు అదిమి పట్టకండి. ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కుదిరితే ఎవరో ఒకరు ఫోన్‌లో వీడియో తీసి డాక్టరుకు చూపించండి. మళ్లీ ఈఈజీ రాస్తే, డాక్టరు చెప్పకుండా మాత్రలు ఆపకండి.

ఈ ఉద్యోగంలో ఈఈజీ ఒక్కటే ఉండదు. నరాల్లో సిగ్నల్ ఎంత వేగంగా పోతుందో చూసే పరీక్ష ఉంది, మనవాళ్లు ఎన్‌సీవీ అంటారు. షుగర్ పేషెంట్లకు, మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయి వేళ్లు తిమ్మిరెక్కేవాళ్లకు, ఉన్నట్టుండి కాళ్లు చచ్చుబడిన గిలియన్ బారే కేసులకు చేస్తాం. ఇందులో నిజంగానే చిన్న షాక్ ఉంటుంది, అబద్ధం చెప్పకూడదు. చేతి నరాల్లో వేగం మామూలుగా సెకనుకు 50 మీటర్లపైన ఉండాలి. ఏసీ గదిలో చేయి చల్లబడితే ఆరోగ్యంగా ఉన్న నరం కూడా నెమ్మదిగా కనబడుతుంది, కాబట్టి చర్మం 32 డిగ్రీలకు తగ్గకుండా వెచ్చబరిచి చేయాలి. సూది గుచ్చి చేసే ఈఎంజీ డాక్టరు పని, పక్కన సాయం నీది. కంటికి గళ్ల బోర్డు చూపించి, చెవిలో టిక్కుటిక్కు వినిపించి, దానికి మెదడు ఎలా స్పందిస్తుందో చూసే ఇవోక్డ్ పొటెన్షియల్స్ ఉన్నాయి. రాత్రంతా చేసే నిద్ర పరీక్ష ఉంది. ఐసీయూలో స్పృహలేని పేషెంటుకు, ఒంట్లో కదలిక లేకుండానే మెదడులో ఫిట్స్ నడుస్తున్నాయేమో చూసే ఈఈజీ ఉంది. వెన్నెముక, బ్రెయిన్ ట్యూమర్ ఆపరేషన్లు జరుగుతుండగా నరాలు దెబ్బతినకుండా కనిపెట్టి సర్జన్‌కు చెప్పే మానిటరింగ్ ఉంది. ఈ చివరిది పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల్లో పెరుగుతోంది, బాధ్యతా జీతమూ రెండూ అందులో ఎక్కువ. అది మాత్రం చేరిన మొదటి ఏడాదే చేసేది కాదు.

సరే, ఎక్కడ చదవాలి? వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు హెల్త్ యూనివర్సిటీ బీఎస్సీ అలైడ్ హెల్త్ సైన్సెస్ నోటిఫికేషన్ వచ్చినప్పుడు అందులో న్యూరో ఫిజియాలజీ టెక్నాలజీ అన్న పేరు వెతుకు. పంజాగుట్ట నిమ్స్ తన అలైడ్ హెల్త్ కోర్సులకు విడిగా నోటిఫికేషన్ ఇస్తుంది, దాన్నీ కనిపెట్టి ఉండు. హైదరాబాద్ దాటి వెళ్లగలిగితే బెంగళూరు నిమ్‌హాన్స్‌లో క్లినికల్ న్యూరో ఫిజియాలజీ టెక్నాలజీ కోర్సు ఉంది, ఈ రంగంలో దేశంలో దానికున్న పేరు వేరు. తిరువనంతపురం శ్రీ చిత్ర సంస్థలో న్యూరో టెక్నాలజీ కోర్సు ఉంది, ఇంటర్‌తో చేరవచ్చో లేదో దాని నోటిఫికేషన్‌లో చూసుకో. నోటిఫికేషన్లు ఆయా సంస్థల వెబ్‌సైట్లలోనే చూడు, వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయ్యేవాటిని నమ్మకు. గుర్తింపు ఉన్న కాలేజీ అయితే ఈపాస్‌లో స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు ఇప్పుడే తీసిపెట్టుకో. మీసేవ దగ్గర ఆఖరి వారంలో పడే పాట్లు పడొద్దు.

ఏ కాలేజీ అయినా, గవర్నమెంటుదైనా ప్రైవేటుదైనా, చేరేముందు ల్యాబ్ చూడు. అంత చెప్పుకొచ్చింది ఈ మాట కోసమే. నువ్వు పాస్ అయ్యేలోపు ఎన్ని తలల మీద నీ చేయి పడుతుంది, పడినప్పుడు వెనకాల నిలబడి ‘ఇది పక్కకు జరిగింది, మళ్లీ కొలువు’ అనేవాళ్లు ఉన్నారా లేరా, ఈ చదువు విలువ అంతా ఇక్కడుంది. కాబట్టి అడగాల్సినవి అడుగు. క్లినికల్ పోస్టింగ్ ఏ ఆసుపత్రిలో? అక్కడ రోజుకు ఎన్ని ఈఈజీలు, ఎన్ని ఎన్‌సీవీలు అవుతాయి? స్టూడెంట్లు ఎలక్ట్రోడ్లు పెడతారా, లేక గోడకు ఆనుకుని చూస్తారా? నేర్పేది ఎవరు, ఆయన పూర్తికాలం అక్కడే ఉంటాడా, వారానికోసారి వచ్చి పోతాడా? చిన్నపిల్లల కేసులు వస్తాయా? పోయిన బ్యాచ్‌వాళ్లు ఎక్కడ పనిచేస్తున్నారు? వాళ్లలో ఇద్దరి దగ్గరికి స్వయంగా వెళ్లి మాట్లాడు. అడిగితే విసుక్కునే చోట చేరకు.

దిల్‌సుఖ్‌నగర్ వాళ్లను కూడా ఇవే అడగొచ్చు, సరదాగా. మెషీన్ చూపించమను. చూపిస్తే, దాని మీద నిన్న తీసిన రికార్డింగ్ ఉందేమో అడుగు. ఒకరి తల మీద ఒకరు ప్రాక్టీసు చేయడం మొదటి నెలకు మంచిదే, మేమూ అలాగే మొదలుపెట్టిస్తాం. ఏడాదంతా అదే అయితే, ఆరోగ్యంగా ఉన్న పాతికమంది స్నేహితుల నార్మల్ ఈఈజీలు చూసి బయటికొస్తావు. మొదటి రోజు ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్న మనిషి తలకు కట్లు కట్టి ఉంటే ఎలక్ట్రోడు ఎక్కడ పెట్టాలో తెలియదు.

సీటు రాకపోతే? ఎంఎల్‌టీ చెడ్డదేం కాదు, నాన్నగారి మాటలో పస ఉంది. ల్యాబులు ఎక్కువ, ఉద్యోగాలూ ఎక్కువ, ఉప్పల్‌లోనే దొరుకుతాయి. మా పని న్యూరాలజిస్టు ఉన్నచోటే ఉంటుంది, అంటే పెద్ద ఆసుపత్రులు, న్యూరో క్లినిక్‌లు. జిల్లాల్లో తక్కువ. పెళ్లయ్యాక చిన్న ఊరికి వెళ్లాల్సి వస్తే కష్టమే, ఇది ముందే తెలుసుకుని దిగాలి. జీతం కూడా మొదట్లో మిగతా టెక్నీషియన్ల మాదిరే ఉంటుంది. ఎక్కువ ఊహించుకోవద్దు. కానీ ‘ముందు ఏదో ఒక అలైడ్ కోర్సులో చేరి తర్వాత న్యూరోలోకి మారతాను’ అనుకుని మాత్రం చేరకు. డయాలిసిస్ చదివినవాళ్లు డయాలిసిస్‌లోనే రిజిస్టర్ అవుతారు.

కంప్యూటర్ సంగతి నాన్నగారు సరిగ్గానే అడిగారు. హాన్స్ బెర్గర్ అనే జర్మన్ డాక్టరు మనిషి ఈఈజీ మొదటిసారి తీసింది 1924లో, ప్రచురించింది 1929లో. అప్పటినుంచి ఎన్ని మారాయో. గాల్వనోమీటర్లు పోయాయి, సిరా పెన్నులు పోయాయి, బండెడు కాగితం పోయింది. జాస్పర్ అనే శాస్త్రవేత్త 1958లో ప్రచురించిన టెన్ ట్వంటీ కొలత మాత్రం ఇప్పటికీ మా టేపు మీద ఉంది. సాఫ్ట్‌వేర్ ఇప్పటికే అనుమానాస్పద అలలను వెతికి పెడుతోంది, రేపు ఇంకా బాగా పెడుతుంది. రాత్రంతా సాగే రికార్డింగ్‌లో అది మాకు వరమే. స్క్రీన్ ముందు కూర్చుని గీతలు లెక్కపెట్టే భాగం తగ్గుతుంది. నూనె తల శుభ్రం చేయడం, ఏడ్చే పిల్లతో కాగితం ఊదించడం, ఫిట్ వచ్చిన మనిషిని మంచం మీద నుంచి పడకుండా పట్టుకోవడం తగ్గవు. తలకు తగిలించే రెడీమేడ్ టోపీలు వస్తున్నాయి, తొందర ఉన్నప్పుడు పనికొస్తాయి. జడ ఉన్న తలకు అవి ఎలా కూర్చుంటాయో ఒక్కసారి చూస్తే నాన్నగారికి బెంగ తీరుతుంది.

విదేశాల గురించి నువ్వు అడగలేదు, కన్సల్టెన్సీవాళ్లు మాత్రం తప్పకుండా ఎత్తుతారు. అమెరికాలో ఏబీఆర్ఈటీ అనే బోర్డు ఈఈజీకి, ఇవోక్డ్ పొటెన్షియల్స్‌కు, ఆపరేషన్ థియేటర్ మానిటరింగ్‌కు వేర్వేరు పరీక్షలు పెడుతుంది. థియేటర్ మానిటరింగ్ పరీక్ష రాయాలంటే చేసిన కేసుల వివరాలు చూపించాలి. అందుకని ఎక్కడికీ వెళ్లే ఆలోచన లేకపోయినా చదివే మొదటి రోజునుంచి ఒక లాగ్‌బుక్ పెట్టుకో. తేదీ, ఏ పరీక్ష, వయసు, ఏం ఇబ్బంది వచ్చింది, ఎలా సరిచేశావు, సీనియర్ సంతకం. పేషెంటు పేరు రాయకూడదు. ఇంకో కట్టుబాటు కూడా ఇప్పుడే చెబుతాను: పరీక్ష అవగానే బయట కూర్చున్న తల్లి నీ చేయి పట్టుకుని ‘ఏమొచ్చిందమ్మా’ అని అడుగుతుంది. నీకు స్క్రీన్ మీద కనబడినా చెప్పకూడదు. రిపోర్టు డాక్టరుది. ‘డాక్టర్ గారు చూసి చెబుతారమ్మా, రికార్డింగ్ బాగా వచ్చింది’ అని ఊరుకోవాలి. కొత్తవాళ్లకు దీనికంటే కష్టమైన పని ఉండదు.

అమ్మగారి భయం గురించి. అవుట్ పేషెంట్ ఈఈజీ, ఎన్‌సీవీ పగటి పనులు. రాత్రి డ్యూటీలు నిద్ర ల్యాబ్‌లో, వీడియో ఈఈజీ యూనిట్‌లో, ఐసీయూ కాల్స్‌లో ఉంటాయి. పెద్ద ఆసుపత్రిలో చేరితే మొదటి రెండు మూడేళ్లు రొటేషన్‌లో పడతాయి, తప్పించుకోలేవు. ఇంటర్వ్యూలో జీతం అడిగినట్టే రాత్రి దింపే బండి ఉందా, ఆడవాళ్లకు విశ్రాంతి గది ఉందా అని కూడా అడుగు. అడిగినందుకు ఎవరూ తక్కువగా చూడరు.

ఈ వారంలో ఒక పని చేయి. అమ్మను వెంటబెట్టుకుని ఉప్పల్‌లో మెట్రో ఎక్కు, అమీర్‌పేటలో లైను మారి పంజాగుట్టలో దిగు. నిమ్స్‌లో అలైడ్ హెల్త్ కోర్సుల గురించి అకడమిక్ సెక్షన్‌లో అడిగి, పోయినేడాది నోటిఫికేషన్ చూసి అర్హతలు, కావలసిన కాగితాలు రాసుకో. తమ్ముడికి ఈఈజీ తీసిన ఆ అక్క దగ్గరికీ వెళ్లు, మధ్యాహ్నం రెండు దాటాక అయితే కాస్త తీరిక దొరుకుతుంది. ఆవిడ ఎక్కడ చదివిందో, ఇప్పుడైతే ఎక్కడ చదివేదో అడుగు. ఒప్పుకుంటే, పేషెంటు అనుమతి తీసుకుని, ఒక పూట గదిలో మూలన నిలబడి చూడనివ్వమని కూడా అడుగు.